గోడ మీది దావా కాగితం

ఆ శుక్రవారం మధ్యాహ్నం అల్ వుకైర్‌లోని ఫ్లాటులో గజేందర్ తలుపు తీసేసరికి గుమ్మం ముందు ఒక నడివయసు స్త్రీ నిలబడి ఉంది. నల్ల అబాయా వేసుకుంది. చేతిలో ప్లాస్టిక్ సంచి. ఎవరో వెంట వస్తున్నట్టు మెట్ల వైపు చూసి, గొంతు తగ్గించి అడిగింది.

"కాయితాలు జూసి దొంగెవురో చెప్పే మేడమ్మ ఇల్లు ఇదేనా నాయనా?"

"ఇదే అక్కా. లోపలికి రా. మేడం ఉన్నది."

మెహర్ సుల్తానా కిటికీ పక్కన కూర్చుని టీ తాగుతోంది. హైదరాబాదులో పాతికేళ్ళు దస్తావేజులు పరీక్షించి, ఎన్నో దొంగ సంతకాలను కోర్టుల్లో బయటపెట్టి రిటైరయిన మనిషి. కూతురి దగ్గర ఉందామని ఖతర్ వచ్చాక, ఇక్కడా ఇన్సూరెన్స్ కంపెనీలవాళ్ళూ, పాత వస్తువులు సేకరించేవాళ్ళూ వెతుక్కుంటూ రావడం మొదలుపెట్టారు. తెలుగువాళ్ళు ఆవిడను డిటెక్టివ్ మేడం అంటారు. గజేందర్‌ది జగిత్యాల దగ్గర పల్లె. పదకొండేళ్ళు సైట్లలో స్కాఫోల్డింగ్ ఫోర్‌మన్‌గా చేసి, నడుం దెబ్బతిన్నాక ఆవిడ దగ్గర చేరాడు. కారు నడుపుతాడు, ఆవిడ చెప్పినవన్నీ నోటుబుక్కులో రాస్తాడు. మేడం కంటిని మోసం చేసే కాగితం ఇంకా పుట్టలేదని అతని నమ్మకం.

వచ్చినామె పేరు ఆంజనమ్మ. రాయచోటి దగ్గర పల్లె. మదీనత్ ఖలీఫాలో అబూ నాసర్ అనే పెద్దాయన విల్లాలో వంట చేస్తుంది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మా ఇంటి డ్రైవరు ఖాసీం దొంగతనం జెయ్యలేదమ్మా. మాదీ వాళ్ళదీ ఒకే మండలం. తప్పు నాది. నేనే చేపలు తెమ్మంటి."

"నెమ్మదిగా చెప్పమ్మా. ఏం పోయింది?"

"గోడకు తగిలించిన కాయితం. మా యజమాని బాబాకు అదంటే ప్రాణం."

ఆమె చెప్పింది ఇదీ. అబూ నాసర్ దగ్గర అమెరికా నుంచి వచ్చిన పాత కోర్టు కాగితం ఒకటి ఉంది. దాన్ని వచ్చే నెల ఒక యూనివర్సిటీ ప్రదర్శనకు పంపాలి. ఫ్రేము అద్దం మార్పించడానికి మంగళవారం ఉదయం ఖాసీం దాన్ని అల్ వక్రాలోని ఫ్రేముల అంగడికి తీసుకెళ్ళి, మధ్యాహ్నానికి తెచ్చాడు. బుధవారం ఇన్సూరెన్స్ తరపున వచ్చిన నిపుణుడు భూతద్దం పెట్టి చూసి, ఇది అసలు కాగితం కాదు, కంప్యూటర్‌లో తీసిన నకలు అన్నాడు. కారు ట్రాకర్ చూస్తే, తిరిగి వచ్చేటప్పుడు అల్ వక్రా హార్బర్ దగ్గర యాభై నిమిషాలు ఆగినట్టు తేలింది. ఖాసీం మాత్రం ట్రాఫిక్‌లో చిక్కుకున్నానని అప్పటికే చెప్పి ఉన్నాడు.

"హార్బర్‌కాడ షేరీ చేపలు బాగుంటాయని నేనే డబ్బులిచ్చి పంపితి. సొంత పనికి కారు తిప్పితే బాబా ఒప్పుకోడు. నా పేరు బయటికి రాగూడదని వాడు అబద్దం చెప్పినాడు."

"చేపల సంగతి మీరు బాబాకు చెప్పారా?"

"చెప్పినా. ఇద్దరూ మాట్లాడుకోని చెప్తాండారని నమ్మలా. ఖాసీం దగ్గర కారు తాళాలు తీసుకున్నారు. గేటు దాటొద్దన్నారు. ఆదివారం పొద్దున పోలీసులకు రాసిస్తారంట."

"ఆ ఇంట్లో ఇంకా ఎవరున్నారు?"

"లైబ్రరీ చూసుకునే అమర్నాథ్ సారు. గోదారి జిల్లాలాయన. మంచోడే పాపం, ఏడాదికి పైగా ఊరికి గూడా పోలేదు, ఎప్పుడూ ఆ కాయితాలతోనే. ఈ గొడవలో మాత్రం నోరు తెరవలా. తల వంచుకోని నిలబడె."

మెహర్ కప్పు కింద పెట్టింది. "గజేందర్, రేపు పొద్దున ఎనిమిదింటికి మదీనత్ ఖలీఫా."

*

అబూ నాసర్ డెబ్బై ఏళ్ళ మనిషి, ఒకప్పుడు పేరున్న వకీలు. దేశదేశాల పాత కోర్టు కాగితాలు సేకరించడం ఆయన సరదా. మూడేళ్ళ క్రితం ఒక పాత దస్తావేజు విషయంలో మెహర్ ఆయనను మోసపోకుండా కాపాడింది. అందుకే ఆవిడ ఫోన్ చేయగానే రమ్మన్నాడు.

"చూడండి," అన్నాడు ఇంగ్లీషులో, ఫ్రేమును బల్ల మీద పెట్టి. "1763. అమెరికా ఇంకా ఇంగ్లండ్ రాజు కింద ఉన్న రోజులు. సైలస్ క్రోవెల్ అనే దుకాణదారు ఈబెన్ పైక్ అనే పడవల వడ్రంగి మీద వేసిన బాకీ దావా. పదిహేడు పౌండ్ల నాలుగు షిల్లింగులు. మేకులు, గుడ్డ, రమ్ము అప్పు తీసుకుని కట్టలేదు. దావా నడిపిన వకీలు జొనాథన్ వెదర్‌బీ. తర్వాత ఆ సీమలోనే పెద్ద న్యాయమూర్తి అయ్యాడు. అప్పటికి ఆయనకు ఇరవై ఏడేళ్ళు. అచ్చు ఫారంలోని ఖాళీలన్నీ తన చేత్తో నింపి సంతకం పెట్టాడు."

మెహర్ ఆ అచ్చు వరుసలు నెమ్మదిగా చదివింది. ముద్దాయి ఆస్తిని జప్తు చేయవలసింది, ఆస్తి దొరకని పక్షంలో అతని దేహాన్ని పట్టి చెరసాలలో ఉంచవలసింది అని జప్తులు చేసే అధికారి షెరీఫ్‌కు ఆజ్ఞ. గజేందర్‌కు తెలుగులో చెప్పింది.

"సొమ్ము దొరక్కపోతే మనిషిని పట్టుకునుడా మేడం?" అన్నాడతను. అతని చూపు కిటికీలోంచి ఔట్‌హౌస్ వైపు వెళ్ళింది. అక్కడ మెట్టు మీద ముప్పై అయిదేళ్ళ మనిషి ఒకడు మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉన్నాడు.

మెహర్ భూతద్దం తీసింది. నిపుణుడు చెప్పింది నిజమే. అచ్చు అక్షరాలూ, చేతిరాతా, రెండూ ఒకే రకం సన్నని రంగు చుక్కలు. తర్వాత కాగితాన్ని చుట్టూ ఉన్న అట్ట చట్రం నుంచి మెల్లగా పైకెత్తింది. అట్ట కింద దాగిన వేలెడు అంచు నాలుగు వైపులా కొత్తగా, కాస్త చిక్కని రంగులో ఉంది. బయటికి కనిపించే భాగం వెలిసింది. అదీ అంతటా ఒకేలా వెలవలేదు. ఎడమ పక్క మధ్య నుంచి కుడి పక్క పైదాకా ఏటవాలుగా ఒక గీత గీసినట్టుంది. గీతకు పైన అక్షరాలు నల్లగా ఉన్నాయి. కింద బూడిద రంగుకు తిరిగాయి.

"ఇది ఎక్కడ వేలాడేది?"

అబూ నాసర్ అతిథులు కూర్చునే మజ్లిస్‌లోకి తీసుకెళ్ళాడు. పడమటి కిటికీకి ఎదురు గోడ. లేత ఆకుపచ్చ వాల్‌పేపర్. కిటికీకి బయట సన్‌షేడ్ ఉండటంతో ఎండ గోడ పైభాగాన్ని తాకదు, కింది భాగం మీదే ఏటవాలుగా పడుతుంది. ఆ మేరకు ఆకుపచ్చ పాలిపోయింది. ఫ్రేము ఉన్న చోట మాత్రం చతురస్రంగా మొదటి రంగు మిగిలింది. మెహర్ ఆ గోడను చాలాసేపు చూసింది.

"ఎంతకాలం ఉందిక్కడ?"

"పద్నాలుగు నెలలు. వచ్చిన వారానికే తగిలించాను."

"వచ్చిన రోజు మీరు చేతిలోకి తీసుకున్నారా?"

ముసలాయన ముఖం వెలిగింది. "దీపానికి ఎదురుగా పట్టుకున్నాను. కాగితం లోపల నీటిముద్ర కనిపించింది, కిరీటం బొమ్మ. వెనకవైపు గుమాస్తా రాసిన రెండు వరుసలు. ఆ రోజు నా చేతిలో ఉన్నది అసలుదే, దానిలో అనుమానం లేదు."

అమర్నాథ్ లైబ్రరీలో ఉన్నాడు. నలభైకి దగ్గర వయసు, సన్నగా, శుభ్రంగా ఉంటాడు. మెహర్ అడిగినవాటికి చేతులు కట్టుకుని జవాబు చెప్పాడు.

"మొదట ఫ్రేము కట్టించింది ఎవరు?"

"నేనే కట్టానండి. బయటివాళ్ళకి ఇవ్వడం నాకిష్టం లేదు. మూడు రోజులు పట్టింది."

"ఆ మూడు రోజులూ కాగితం ఎక్కడుంది?"

"ఆ చిన్న గదిలోనండి."

లైబ్రరీ వెనక ఆ గది చలిగా ఉంది. మ్యాపులు పరిచి దాచే వెడల్పాటి ఇనుప సొరుగులు, తేమ కొలిచే మీటరు, తేమ పీల్చే పొట్లాలు. ఏసీ రాత్రింబవళ్ళు నడుస్తుందని, తాళం తన దగ్గరే ఉంటుందని అమర్నాథ్ చెప్పాడు.

"మొన్న అద్దం మార్చే పని కూడా మీరే చేయవచ్చుగా?"

"చేస్తానన్నానండి. బాబా ఒప్పుకోలేదు. నేను డ్యూటీలో లేని టైములో ఖాసీంతో పంపించేశారు." అతను తల దించుకున్నాడు. "నేను వచ్చేసరికే అతను వెళ్ళిపోయాడు."

మెహర్ బయటికి వచ్చి ఖాసీం పక్కన మెట్టు మీదే కూర్చుంది. అతను గాభరాగా లేచాడు.

"కూర్చో నాయనా. హార్బర్‌లో కారు దిగినప్పుడు ఫ్రేము ఎక్కడుంది?"

"ఎనక సీట్లో మేడం. దుప్పటి చుట్టి పెట్టినా. కారు లాక్ చేసినా. ఆడ తూకం కాడ శానా మంది ఉండ్రి, ఆలీస్యమయ్యింది."

"చుట్టిన దుప్పటి నువ్వు విప్పావా?"

"నాకేం పని మేడం? దాంట్లో ఏముందో గూడా నాకు తెల్దు. బాకీ కాయితమంట. మనకు బాకీ కాయితాలు ఊర్లోనే ఉండాయి, ఇంకోటి యాడ దొంగిలిస్తా?"

గజేందర్ నవ్వాపుకోలేకపోయాడు. ఖాసీం నవ్వలేదు.

*

అల్ వక్రాలో ఫ్రేముల అంగడి నడిపే ముజఫ్ఫర్ అలీది నిజామాబాద్. అరవై దాటినా చేయి వణకని పనివాడు. మెహర్ కార్డు చూసి లేచి సలాం చేశాడు.

"ఆ ఫ్రేము నాకు మంచిగ యాదికున్నది మేడం. వెనక టేపు కోసింది నేనే. వేడికి ఎండి పెళుసెక్కింది, పట్టుకుంటే పలుకులు పలుకులుగ రాలింది."

"టేపు ఒక పొరేనా? మీకంటే ముందు ఎవరైనా విప్పి మళ్ళీ అంటించిన ఆనవాళ్ళున్నాయా?"

"ఒక్కటే పొర. మళ్ళ అంటిస్తే పాత జిగురు మచ్చ పడ్తది. అట్లాంటిదేం లేదు. కట్టిన్నాటి సంది ఎవ్వలు ముట్టలే."

"మీరు కాగితాన్ని చూశారా?"

"అట్ట చట్రంతోని సహా పక్కకు పెట్టిన, అద్దం మార్చిన, మళ్ళ బిగించిన. ఖాసీం నా ముంగటనే కూసున్నడు, చాయ్ తాగిండు. అగో, ఆ సారు ఒకాయన మూడుసార్లు ఫోన్ చేసిండు మేడం. కాయితం లేపకు, భూతద్దం గీతద్దం పెట్టకు, అద్దమొక్కటే మార్చు అని. ఇరవై ఏండ్ల సంది చేస్తున్న పని, నాకు చెప్తున్నడు!"

"ఏ సారు?"

"అమర్నాథ్ అన్నడు."

కారులో కూర్చున్నాక గజేందర్ ఇంజిన్ స్టార్ట్ చేయకుండా ఆగాడు. "మేడం, గాయననే దొంగంటరా? పద్నాలుగు నెలల కింద ఎత్తుకపోయినోడు ఇంకా ఈడనే ఎందుకుంటడు? ఎప్పుడో పోతుండె గదా."

మెహర్ అతని వైపు మెచ్చుకోలుగా చూసింది. "సరైన ప్రశ్న అడిగావు. ముజఫ్ఫర్ అలీ గారిని కూడా ఎక్కించుకో. నాలుగింటికి అందరూ మజ్లిస్‌లో ఉండాలి."

*

నాలుగు గంటలకు మజ్లిస్‌లో అబూ నాసర్ పెద్ద సోఫాలో, అమర్నాథ్, ముజఫ్ఫర్ అలీ ఎదురు కుర్చీల్లో కూర్చున్నారు. ఖాసీం, ఆంజనమ్మ తలుపు దగ్గర నిలబడ్డారు. మెహర్ వాళ్ళిద్దరికీ కూడా కుర్చీలు వేయించేదాకా మాట మొదలుపెట్టలేదు. ఇంగ్లీషులో ఒక మాట చెప్పి, వెంటనే అదే తెలుగులో చెప్పింది. వాళ్ళు ఒక్క ముక్క కూడా పోగొట్టుకోకూడదని ఆవిడ ఉద్దేశం.

"గజేందర్, ఫ్రేము మళ్ళీ గోడకు తగిలించు."

అతను తగిలించాడు. పడమటి కిటికీలోంచి ఎండ గోడ కింది భాగం మీద ఏటవాలుగా పరుచుకుంది.

"అబూ నాసర్ గారూ, గోడ చూడండి. ఎండ తగిలిన చోటికీ తగలని చోటికీ మధ్య ఏటవాలు గీత ఉంది. ఎడమ నుంచి దాన్ని వేలితో గీసుకుంటూ రండి."

ముసలాయన లేచి వాల్‌పేపర్ మీద వేలు పెట్టి జరుపుతూ వచ్చాడు. ఫ్రేము దగ్గరికి రాగానే వేలు ఆగింది. అద్దం వెనక కాగితం మీద, సరిగ్గా అక్కడి నుంచే, అదే వాలులో గీత మొదలై అవతలి అంచుదాకా వెళ్ళింది. ఫ్రేము దాటాక మళ్ళీ గోడ మీద కొనసాగింది. ఆయన చేయి వెనక్కి తీసుకున్నాడు.

"ఈ నకలు మంగళవారం నాడు ఫ్రేములోకి వచ్చింది కాదు," అంది మెహర్. "ఈ గోడ ఎన్ని నెలల ఎండ తాగిందో, ఈ కాగితమూ అన్ని నెలలు తాగింది. ఖాసీం హార్బర్‌లో చేపలు కొంటున్నప్పుడు, అంతకుముందు ముజఫ్ఫర్ అలీ గారు అద్దం మారుస్తున్నప్పుడు, ఫ్రేములో ఉన్నది నకలే. ఖాసీం తీసుకెళ్ళింది నకలు, తెచ్చిందీ నకలే."

ఆంజనమ్మ కొంగుతో నోరు మూసుకుంది.

"మరి మధ్యలో ఎవరైనా మార్చారా? లేదు. వెనక టేపు ఒకటే పొర, కట్టిన నాటి నుంచి ఎవరూ విప్పలేదని పనివాడి మాట. వచ్చిన రోజు మీ చేతిలో ఉన్నది అసలుదని మీ మాట. ఇక మిగిలింది ఆ రెండింటికీ మధ్య మూడు రోజులు. ఆ మూడు రోజులూ కాగితం ఒకే గదిలో, ఒకే మనిషి దగ్గర ఉంది."

అందరి చూపూ అమర్నాథ్ మీదికి తిరిగింది. అతను ముఖం ఎత్తలేదు.

"దొంగ!" అన్నాడు అబూ నాసర్.

"కాదు," అంది మెహర్. "గజేందర్ నన్నొక మంచి ప్రశ్న అడిగాడు. దొంగిలించినవాడు ఇంకా ఇక్కడే ఎందుకుంటాడని. అమర్నాథ్ పారిపోలేదు సరికదా, ఏడాదికి పైగా సెలవు మీద ఊరికి కూడా వెళ్ళలేదు. దేన్నో వదిలి కదలలేకపోయాడు. ఆ చల్లటి గదికి కాపలా ఉన్నాడు. అమర్నాథ్, మీరే వెళ్ళి తెస్తారా?"

అమర్నాథ్ లేచి వెళ్ళాడు. తిరిగి వచ్చినప్పుడు రెండు చేతుల మీద తెల్లని అట్ట మడత ఒకటి మోస్తున్నాడు. బల్ల మీద పెట్టి తెరిచాడు. లోపల ముదురు గోధుమ రంగు కాగితం. సిరా ఇంకా చిక్కగా ఉంది. వెదర్‌బీ సంతకం కింద కలం ఒక్కసారి గట్టిగా నొక్కిన చోట చిన్న మచ్చ. మెహర్ దాన్ని మెల్లగా ఎత్తి వెలుగుకు పట్టింది. లోపల కిరీటం కనిపించింది.

"మూడుసార్లు చెప్పానండి బాబాకి," అన్నాడు అమర్నాథ్. "ఈ గోడ మీద వద్దు, ఎండకి చచ్చిపోతుంది అని. అతిథులు చూడనిది ఇంట్లో ఉండి ఏం లాభం అన్నారు. రెండున్నర శతాబ్దాలు బతికిన కాగితం నా చేతుల్లో పోవడం చూడలేకపోయాను. నకలు తీసి పెట్టాను. చెబుదామనుకుంటూనే రోజులు గడిచిపోయాయి. మంగళవారం ఇంటికొచ్చేసరికి ఫ్రేము అంగడికి వెళ్ళిపోయింది. ప్రదర్శనకు వెళ్ళేలోపు మార్చేద్దామనుకున్నాను. ఈలోగా ఆ నిపుణుడు వచ్చాడు."

"అప్పుడు చెప్పాల్సింది," అంది మెహర్.

"నోరు పెగల్లేదండి. ఖాసీం ట్రాఫిక్ అని అబద్ధం చెప్పాడు, అందరూ అటు తిరిగారు. నేను... ఊరుకున్నాను."

ఆంజనమ్మ కుర్చీలోంచి లేచింది. అరవలేదు. "కాయితానికి ఎండ తగుల్తాదని నీకు అంత కడుపు తరుక్కపాయ. ఈ మనిషి నాలుగు దినాలుగా ఆ మెట్టు మీద కూసోనుంటే నీకేం గాలేదా నాయనా?"

ఆమె ఏమందో అబూ నాసర్ అడిగాడు. మెహర్ ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చెప్పింది. ముసలాయన బల్ల మీది అట్ట మడత మూసి పక్కకు జరిపాడు.

"కాగితం విషయంలో తప్పు నాదీ ఉంది, వినలేదు," అన్నాడు. "మనిషి విషయంలోనూ వినలేదు. ఈమె నిజమే చెప్పింది, నేను నమ్మలేదు." అప్పుడు ఖాసీం వైపు తిరిగి హిందీలో అన్నాడు. "అమర్నాథ్ ఇక్కడ ఉండాలో వద్దో రేపు నేను తేలుస్తాను. ఈ రోజు నీది. నీకేం కావాలో అడుగు. ఫులూస్, డబ్బయినా సరే."

ఖాసీం లేచి నిలబడ్డాడు. "ఫులూస్ వద్దు బాబా." తర్వాత మెహర్ వైపు చూస్తూ తెలుగులోకి దిగాడు. "పక్క వీధిలో మా ఊరి డ్రైవర్ ఒకడుండాడు మేడం. బుధవారమే ఊర్లో చెప్పేసినాడు. మా ఆడమనిషి రమీజా అంగడికి గూడా పోతాలేదంట. నేను ఫోన్ చేసి నేను దొంగను గాను అంటే ఎవురు నమ్ముతారు? ఈ సారు చెప్పాల. ఆయన నోటితోనే."

అమర్నాథ్ తల ఊపాడు. ఖాసీం తన ఫోన్‌లో రమీజా నంబరు కలిపి, స్పీకర్ పెట్టి అతని చేతికిచ్చాడు.

"అమ్మా, నా పేరు అమర్నాథ్. ఖాసీం పనిచేసే ఇంట్లోనే పనిచేస్తాను. కాగితం తీసింది ఖాసీం కాదమ్మా. నేను తీసి దాచాను. నింద అతని మీద పడుతుంటే తెలిసీ నోరు మూసుకున్నాను. అతని తప్పేమీ లేదు."

అటునుంచి రమీజా గొంతు గట్టిగా, స్పష్టంగా పలికింది.

"సరే సార్. ఫోన్ పెట్టొద్దండి. మా మామ అరుగు మీద ఉండాడు. ఆయనకూ చెప్పండి."

అమర్నాథ్ ఆ ముసలి గొంతుకు మళ్ళీ అంతా చెప్పాడు. మామ విని, దగ్గి, ఒక్క మాటే అన్నాడు.

"ఇంగోసారి చెప్పాల నాయనా. టీ అంగడి కాడ నలుగురుండారు. ఆడికి పోతాండా. ఉండు."

ఫోన్‌లో చెప్పుల చప్పుడు, ఒక మోటార్ సైకిల్ శబ్దం, ఎవరో ఎవరినో పిలవడం వినిపించాయి. అమర్నాథ్ ఫోన్ రెండు చేతులతో పట్టుకుని నిలబడే ఉన్నాడు. అతని పక్కన ఖాసీం నిటారుగా నిలుచున్నాడు.

"ఆఁ, ఇప్పుడు చెప్పు," అన్నాడు ఫోన్‌లో మామ.

మెహర్ బ్యాగు తీసుకుని గజేందర్‌కు సైగ చేసింది. ఇద్దరూ గుమ్మం దాటి మెట్లు దిగుతుండగా వెనక గదిలోంచి అమర్నాథ్ గొంతు వినిపించింది. ఈసారి కాస్త బిగ్గరగా, అంగడి దగ్గరున్న నలుగురికీ వినపడేలా, మొదటి నుంచి మొదలుపెట్టాడు.

"అయ్యా, నా పేరు అమర్నాథ్..."